దిద్దేది ఎవరో చెప్పండి, పనిముట్టు నేను చెప్తా

అచ్చు ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో మాటవరసకు ఒకటి అన్నాను. పుస్తకం చేయాలంటే వర్డ్, పేజ్‌మేకర్ తప్ప దిక్కు లేదనుకోవద్దు, నోట్‌ప్యాడ్‌లో కొట్టిన ఉత్త అక్షరాల ఫైలు నుంచి కూడా లాటెక్, టైప్‌స్ట్ లాంటి ప్రోగ్రామ్‌లతో ప్రెస్సుకు పోయే పీడీఎఫ్ తీయొచ్చు అని. ఆ ఒక్క మాటకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందులో సగం మంది అడిగింది ఒక్కటే: "వీటిలో ఏది మంచిది?" ప్రకాశం బజారుకు పోయి "ఏ చెప్పులు మంచివి?" అని అడిగినట్టుంది. ముందు కాలు చూపించాలి కదా! నేను చూసే కాలు ఏమిటంటే, మీరు రాసినదాన్ని తర్వాత దిద్దేది ఎవరు, దేని మీద దిద్దుతారు అన్నది.

కొత్త పాఠకులకు ఒక ముక్క. మా నాన్న రామగిరిలో ఒక ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటర్, అంటే సీసం అక్షరాలను చేత్తో పేర్చి పేజీ కట్టే మనిషి. నేను నల్గొండలోనే డీటీపీ నేర్చుకుని, చెన్నైలో ఒక టైప్‌సెట్టింగ్ కంపెనీలో తొమ్మిదేళ్లు విదేశీ జర్నళ్లకు లాటెక్‌లో పేజీలు కట్టి, తిరిగొచ్చి ఇక్కడే దుకాణం పెట్టుకున్నాను. అచ్చు గురించి నాకు తెలిసింది ఈ మూడు చోట్ల నేర్చుకున్నదే.

ప్రశ్న: అక్కా, నేను నల్గొండలో పీహెచ్‌డీ చేస్తున్నాను. తెలంగాణలో తొలినాటి తెలుగు పత్రికల మీద. థీసిస్ తెలుగులోనే, నడుమ ఇంగ్లిష్ ఉల్లేఖనలు ఉంటాయి. వర్డ్‌లో 180 పేజీలు దాటినప్పటి నుంచి ఒక్క ఫుట్‌నోట్ కలిపితే పది పేజీలు కదులుతున్నాయి, విషయసూచికలో నంబర్లు తప్పుతున్నాయి. ఒక స్నేహితురాలు లాటెక్ అంటుంది, ఇంకొకరు టైప్‌స్ట్ అంటారు. ఆరు నెలల్లో సబ్మిట్ చేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది. మా గైడ్ సార్ ప్రింటౌట్ మీద ఎర్ర పెన్నుతోనే దిద్దుతారు.
(పరిశోధక విద్యార్థిని, నల్గొండ)

జవాబు: చెల్లె, నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం చివర పెట్టావు. సార్ కాగితం మీద దిద్దుతారంటే నువ్వు ఏ పనిముట్టు వాడినా ఆయనకు తేడా తెలియదు. అదే ఆయన వర్డ్ ఫైలు తెరిచి ట్రాక్ చేంజెస్‌లో దిద్దే మనిషైతే, "వర్డ్‌లోనే ఉండు, కాకపోతే స్టైల్స్ వాడటం నేర్చుకో" అని నాలుగు ముక్కలతో ఈ జవాబు ముగించేదాన్ని. దిద్దే మనిషి చేతిలో లేని పనిముట్టుతో రాస్తే ప్రతి దిద్దుబాటునూ నువ్వే రెండుసార్లు కొట్టుకోవాలి.

ఇప్పుడు లాటెక్ చేసే పనేమిటో చెప్తాను. మా నాన్న దగ్గరికి చేతిరాత ప్రతి వచ్చేది. దాని మార్జిన్‌లో ఎడిటర్ ఎర్ర సిరాతో "ఇది అధ్యాయం పేరు, 24 పాయింట్, నడిమధ్య" అని రాసేవారు. రాసినాయన అక్షరం సైజు గురించి ఆలోచించడు, నాన్న విషయం గురించి ఆలోచించడు. ఎవరి పని వాళ్లది. లాటెక్ ఫైలులో ఆ మార్జిన్ రాతను నువ్వే వాక్యాల నడుమ రాస్తావు. బ్యాక్‌స్లాష్ పెట్టి చాప్టర్ అని కొట్టి, ఫ్లవర్ బ్రాకెట్లలో అధ్యాయం పేరు రాస్తావు. ఫుట్‌నోట్ కూడా అంతే, ఎక్కడ రావాలో అక్కడే వాక్యం నడుమ రాసేయడం. దానికి నంబరెంత, అది ఏ పేజీ అడుగున కూర్చుంటుంది, విషయసూచికలో పేజీ నంబరెంత అనేవన్నీ నాన్న పని, అంటే ఆ ప్రోగ్రామ్ పని. నువ్వు 40వ ఫుట్‌నోట్ ముందు కొత్తది కలిపితే మిగతావన్నీ వాటంతట అవే ఒక నంబరు ముందుకు జరుగుతాయి.

దీని పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. డొనాల్డ్ క్నూత్ అనే అమెరికా ప్రొఫెసర్ తన పుస్తకం రెండో సంపుటం కొత్త ముద్రణకు 1977లో ప్రూఫులు అందుకున్నారు. మొదటి ముద్రణ సీసం అక్షరాలతో జరిగింది, ఇది ఫొటో పద్ధతిలో. పేజీ చూసి ఆయనకు మనసు విరిగిపోయింది. అక్షరాలను కూర్చే ప్రోగ్రామ్ నేనే రాస్తానని కొద్ది నెలల పనిగా మొదలుపెడితే అది పదేళ్లకు పైగా పట్టింది. దాని పేరు టెక్. చివరి అక్షరం గ్రీకుది, గొంతులోంచి పలకాలని ఆయనే చెప్పారు. ఇంగ్లిష్ వాళ్లకు అది రాయడానికే లిపి లేదు, మనమైతే టెఖ్ అని రాసుకోవచ్చు! టెక్ వెర్షన్ నంబర్లు 3.14, 3.141, 3.1415 అంటూ లెక్కల్లోని పై (π) విలువ వైపు నడుస్తాయి. తప్పు పట్టినవాళ్లకు ఆయన 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు. ఆ టెక్ మీద వాడుకకు వీలుగా లెస్లీ లాంపోర్ట్ 1980ల మొదట్లో కట్టిన అంతస్తే లాటెక్.

నాన్న చేతిలో కంపోజింగ్ స్టిక్ ఉండేది. ఒక వరస అక్షరాలు పేర్చి, చివర చోటు మిగిలితే మాటల నడుమ సన్న ముక్కలు దూర్చి బిగించి, తర్వాత వరసకు పోయేవాడు. పోయిన వరస పోయినట్టే. టెక్ అట్లా చేయదు. మొత్తం పేరాను ఒకేసారి చూసి, ఏ వరసను ఎక్కడ విరిస్తే అన్ని వరసలూ సమంగా కనబడతాయో లెక్క కడుతుంది. అందుకే దాని పేజీలో మాటల నడుమ బొందలు తక్కువ. తెలుగులో మాటలు పొడుగు కాబట్టి మనకు ఆ లెక్క ఇంకా అవసరం. తెలుగు మాటను ఎక్కడ విరవొచ్చో చెప్పే నియమాల ఫైలు కూడా టెక్ లైవ్‌లో, అంటే టెక్, లాటెక్ సరంజామా అంతా ఒకేచోట దొరికే మూటలో ఉంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడే చోటుంది. లాటెక్ నడిపే ఇంజన్లు చాలా ఉన్నాయి. పాతదీ ఎక్కువమంది వాడేదీ పీడీఎఫ్‌లాటెక్. అది తెలుగుకు పనికిరాదు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం కంప్యూటర్ లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుడి అని ఆరు సంకేతాలుగా ఉంటుంది. ఆరింటినీ చూసి ఏ వత్తు ఎక్కడ అతకాలో తేల్చే హార్ఫ్‌బజ్ అనే భాగం జీలాటెక్ లోపల ఉంది. లువాలాటెక్‌లోనూ ఉంది కానీ ఫాంట్ పిలిచేటప్పుడు హార్ఫ్‌బజ్ వాడమని విడిగా చెప్పాలి. కాబట్టి నీకు జీలాటెక్. ఫాంట్ పేరు పక్కన లిపి తెలుగు అని రాయడం మరవొద్దు, మరిస్తే వత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడే ప్రమాదముంది. బ్రౌజర్‌లోనే లాటెక్ నడిపే ఓవర్‌లీఫ్ సైటులో నువ్వు చేస్తే అది మామూలుగా పీడీఎఫ్‌లాటెక్‌తోనే మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో కంపైలర్‌ను జీలాటెక్‌కు మార్చు. నాకు వచ్చే "అక్కా తెలుగు రావట్లేదు" ఫోన్లలో చాలావరకు ఈ ఒక్క మార్పుతోనే తీరిపోతాయి. వరసల నడుమ దూరం కూడా పెంచు. లాటెక్ మామూలుగా ఇచ్చే ఎడం ఇంగ్లిష్ అక్షరాల లెక్క, మనకు పైన గుడులు కింద వత్తులు రెండూ ఉంటాయి. 1.3 నుంచి 1.4 రెట్లు పెడితేగానీ పై వరస వత్తు కింది వరస తలకట్టును తన్నకుండా ఉండదు.

మరి టైప్‌స్ట్? లాటెక్ చేసే పనే చేసే కొత్త ప్రోగ్రామ్ ఇది. బెర్లిన్‌లో ఇద్దరు విద్యార్థులు లాటెక్‌తో విసిగి 2019లో మొదలుపెట్టారు, 2023లో అందరికీ తెరిచారు. అది ఒక్క ఫైలుగా దిగుతుంది, అదే టెక్ లైవ్ మొత్తం దించుకోవాలంటే అయిదు జీబీ పైమాటే. శీర్షికకు వరస మొదట సమాన గుర్తు పెడితే చాలు. టైప్ చేస్తుంటే పక్కన పేజీ మారుతూ కనబడుతుంది. తప్పు చేస్తే ఎక్కడ చేశావో మనిషి భాషలో చెప్తుంది. లాటెక్ తప్పు సందేశాలు చదివితే మాత్రం జాతకం చదివినట్టే, మనకు అర్థమైంది మనం అనుకోవాలి. తెలుగు వత్తులనూ సరిగ్గానే కూరుస్తుంది. అయినా నీకు లాటెక్కే చెప్తున్నాను. టైప్‌స్ట్ ఇంకా ఎదిగే వయసులో ఉంది, వెర్షన్ మారినప్పుడు పాత ఫైలులో ఏదో ఒకటి దిద్దుకోవాల్సి వస్తోంది. ఆరు నెలల్లో థీసిస్ ఇవ్వాల్సిన పిల్లకు ఆ తలనొప్పి వద్దు. పైగా లాటెక్‌లో నీకు రాబోయే ప్రతి కష్టమూ నీకంటే ముందు వెయ్యి మందికి వచ్చి ఉంటుంది.

అధ్యాయానికో ఫైలు పెట్టుకో. ఒక్కో వాక్యాన్ని ఒక్కో వరసలో రాయి, లాటెక్ వాటిని కలిపి పేరా చేస్తుంది, ఖాళీ వరస వస్తేనే కొత్త పేరా. సార్ ఎర్ర పెన్ను గీతలు చూసి దిద్దేటప్పుడు ఆ సుఖం తెలుస్తుంది. పాత వర్డ్ ఫైలును మళ్లీ కొట్టొద్దు, పాన్‌డాక్ అనే ప్రోగ్రామ్‌కు ఇస్తే ఫుట్‌నోట్లతో సహా లాటెక్‌లోకి మారుస్తుంది. మార్చాక ఒక రోజు కూర్చుని చదువుకో.

ప్రశ్న: సార్ అనాలో మేడమ్ అనాలో తెలియదు. నేను జడ్చర్ల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఈఏపీసెట్ మోడల్‌లో 160 ప్రశ్నల గ్రాండ్ టెస్ట్ నెలకొకటి చేయాలి. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉండాలి. మా దగ్గర మ్యాథ్స్, కెమిస్ట్రీ వాళ్లు కూడా ఇదే ఫైలులో రాయాలి. వర్డ్ ఈక్వేషన్లు ఒక కంప్యూటర్‌లో ఒకలా, ఇంకో కంప్యూటర్‌లో ఒకలా వస్తున్నాయి.
(లెక్చరర్, జడ్చర్ల)

జవాబు: మేడమ్ అనండి సార్. లాటెక్, రెండో మాట లేదు. ఇది పుట్టిందే లెక్కల పుస్తకం కోసం. ఎగ్జామ్ అనే క్లాస్ (పరీక్ష పేపర్లకు తయారుగా ఉన్న నమూనా) ఉంది, ప్రశ్న కింద జవాబూ వివరణా రాసి పెట్టుకుంటే పైన ఒక్క మాట మార్చి పిల్లలకు జవాబుల్లేని పేపరు, మీకు జవాబులున్న పేపరు తీయొచ్చు. కెమిస్ట్రీ వారికి ఎంహెచ్‌కెమ్ ప్యాకేజీ, మీ సర్క్యూట్ బొమ్మలకు సర్క్యూటిక్జ్. బొమ్మ కూడా అక్షరాలతోనే రాస్తారు కాబట్టి రెసిస్టర్ విలువ 4 ఓమ్‌ల నుంచి 6కు మార్చడం ఒక అంకె కొట్టినంత పని.

మీ దగ్గర దిద్దేవాళ్లు ముగ్గురు. ముగ్గురికీ మొత్తం లాటెక్ నేర్పొద్దు. ప్రశ్న ఎలా మొదలుపెట్టాలి, ఆప్షన్లు ఎలా రాయాలి, సమీకరణాన్ని రెండు డాలర్ గుర్తుల నడుమ పెట్టడం, ఇంతే ఒక అట్ట మీద రాసి స్టాఫ్ రూమ్ గోడకు అంటించండి. పేపరు కట్టే పని ఒక్కరే చూసుకోవాలి. సబ్జెక్టుకో ఫైలు. ఈ సమీకరణాల రాత ఊరికే పోదు. వెబ్ పేజీల్లో సమీకరణాలు చూపించే మ్యాథ్‌జాక్స్ చదివేది కూడా లాటెక్ రాతనే, రేపు ఆన్‌లైన్ టెస్టు పెట్టుకున్నా అవే ప్రశ్నలు ఎక్కించుకోవచ్చు.

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ, హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. లాటెక్ బరువు. గ్రాఫ్ (groff) అనే పాత ప్రోగ్రామ్ చిన్నది, రెప్పపాటులో పీడీఎఫ్ ఇస్తుంది. అందరూ దాన్ని ఎందుకు మరిచిపోయారు?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మిర్యాలగూడ)

జవాబు: మరిచిపోలేదు తమ్మీ. లినక్స్‌లో మ్యాన్ అని కొట్టి చదివే పేజీల వెనక చాలా చోట్ల అదే ఉంటుంది. దాన్ని జీరాఫ్ అని పలుకుతారు, జూ పార్కులోది కాదు. బెల్ ల్యాబ్స్‌లో జో ఒసానా 1970ల మొదట్లో రాసిన టీరాఫ్ దీనికి తాత. జేమ్స్ క్లార్క్ 1990లో దాన్ని అందరికోసం మళ్లీ రాశారు. ఇందాక నల్గొండ చెల్లెకు చెప్పిన వాక్యానికో వరస సలహా కూడా ఆ ఇంటిదే, బ్రయన్ కెర్నిహాన్ 1974లోనే రాశారు.

నీ ఇంగ్లిష్ ఉత్తరాలు, రెజ్యూమే, రిపోర్టులు హాయిగా అందులో చేసుకో. వరస మొదట్లో చుక్కగానీ సింగిల్ కోట్‌గానీ పడకుండా చూసుకో, దాన్ని ఆజ్ఞ అనుకుని ఆ వరసను చప్పుడు చేయకుండా మింగేస్తుంది. తెలుగుకు మాత్రం వద్దు. వత్తులు అతికించే ఏర్పాటు అందులో లేదు. నేను రెండు రాత్రులు కుస్తీ పట్టి వదిలేశాను.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ తెలుగు పండితుణ్ని, అచ్చంపేట. ముప్పై ఏళ్లుగా పల్లెల్లో బతుకమ్మ పాటలు సేకరించాను, 140 దాకా ఉన్నాయి. 2004లో ఒక డీటీపీ సెంటర్‌లో కొన్ని కొట్టించాను. ఇప్పుడు ఆ సీడీ తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి. మా మనుమరాలు ఇంజినీరింగ్ చదువుతోంది, సాయం చేస్తానంటోంది. మిగతా పాటలు ఎలా రాయించమంటారు?
(రిటైర్డ్ పండితులు, అచ్చంపేట)

జవాబు: నమస్కారం సార్. మీ సీడీ పాడవలేదు, భయపడకండి. ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గూళ్లలో తెలుగు ముక్కలు పెట్టుకునేవి. ఒక గూట్లో తలకట్టు, ఒక గూట్లో వత్తు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు కనబడుతుంది, లేనిచోట గూటి అసలు పేరు కనబడుతుంది. ఏ ఫాంటో తెలుసుకుంటే యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షర సంకేతాల్లోకి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక మాత్రం ప్రతి పాటా మీరే చదవాలి. వత్తులు, ఎత్వం ఏత్వం తేడాలు ఈ మార్పిడిలో దెబ్బతింటాయి, అచ్చంపేట మాట ఎలా ఉంటుందో ఏ యంత్రానికీ తెలియదు. పీడీఎఫ్ ఉందికదా, దాన్నుంచి కాపీ చేద్దాం అనుకోకండి. పీడీఎఫ్‌లోంచి లాగిన తెలుగు చాలాసార్లు ముక్కలై వస్తుంది. అందుకే రాసిన మూలాన్ని ఉత్త అక్షరాల ఫైలుగా దాచుకోమని అందరికీ చెప్పుకుంటూ తిరుగుతాను.

మిగతా పాటలకు మార్క్‌డౌన్ చాలు. జాన్ గ్రూబర్ 2004లో చేసిన పద్ధతి ఇది, అంటే మీ సీడీ ఈడుదే! పాట పేరు ముందు హాష్ గుర్తు, ఒత్తి చెప్పాల్సిన మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తులు (*), అంతకంటే ఎక్కువ లేదు. ఇది మీకే ఎందుకు చెప్తున్నానంటే, దిద్దేది మీరు, మీ పాత స్నేహితులు. మార్క్‌డౌన్ ఫైలును యథాతథంగా వాట్సాప్‌లో పంపినా మనిషి చదవగలడు. లాటెక్ ఫైలు పంపితే "ఈ బ్యాక్‌స్లాష్‌లేంటి పంతులుగారూ" అని ఫోన్ చేస్తారు. పాట పాదాలు కలిసిపోకుండా ప్రతి పాదం ముందు ఒక నిలువు గీత పెట్టమని మనుమరాలికి చెప్పండి. పాన్‌డాక్‌కు ఆ గుర్తు తెలుసు, మీ పాదాన్ని విరిచినచోటే విరిచి ఉంచుతుంది. పాన్‌డాక్ రాసింది జాన్ మెక్‌ఫార్లేన్, ఫిలాసఫీ ప్రొఫెసర్. మీరు తెలుగు పండితులు, ఆయన తత్వశాస్త్రం, నేను కంపోజిటర్ బిడ్డను, ఈ పని ఇంజినీర్లదే అని ఎవరన్నారు? అదే ఫైలు నుంచి ప్రెస్సుకు పీడీఎఫ్, ఫోన్లో చదువుకునేవాళ్లకు ఈపబ్, వర్డే కావాలనే ప్రచురణకర్తకు వర్డ్ ఫైలు మూడూ వస్తాయి. పీడీఎఫ్ ఇంజన్‌గా జీలాటెక్‌ను చెప్పాలి, తెలుగు ఫాంట్ పేరు ఇవ్వాలి. అది మనుమరాలి వంతు.

ఒక జాగ్రత్త. మీ ముందుమాటలో సంవత్సరాల వరసలు రాసేటప్పుడు మొదట్లోనే సంవత్సరం, పక్కన చుక్క పెట్టకండి. నేనొకసారి "1922. నల్గొండ నుంచి నీలగిరి పత్రిక", దాని కింద "1926. హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక" అని రాసుకున్నాను. మార్క్‌డౌన్ వాటిని నంబర్ల జాబితా అనుకుంది. మొదటి నంబరు 1922 కాబట్టి రెండోది 1923 అని తనే దిద్దేసింది! సురవరం ప్రతాపరెడ్డి గారి పత్రికను నేను మూడేళ్లు ముందుకు లాగినట్టయింది. అంకె పక్కన చుక్కకు ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెడితే ఊరుకుంటుంది.

ప్రశ్న: మేడమ్, నకిరేకల్ దగ్గర ఒక సొసైటీలో క్లర్క్‌ను. 1,100 మంది సభ్యుల జాబితా, వాటా ధనంతో సహా ప్రతి ఏడూ పుస్తకంగా వేయాలి. ఎక్సెల్‌లో ఉంది. ప్రతిసారి డీటీపీ వాళ్లు మళ్లీ కొడుతున్నారు, ప్రతిసారి కొత్త తప్పులు. మీ పద్ధతిలో కుదురుతుందా?
(సొసైటీ ఉద్యోగి, నకిరేకల్)

జవాబు: కుదురుతుంది. మీకు టైప్‌స్ట్ చెప్తాను, ఎందుకంటే మీ జాబితాను దిద్దాల్సింది ఎక్సెల్‌లోనే, ఇంకెక్కడా కాదు. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీ ఫైలు (గళ్ల నడుమ కామాలుండే ఉత్త అక్షరాల ఫైలు) తీస్తే టైప్‌స్ట్ దాన్ని నేరుగా చదివి టేబుల్ కడుతుంది. పేజీ మారినప్పుడల్లా పైన క్రమసంఖ్య, పేరు, ఊరు, వాటా అనే శీర్షిక వరస తిరిగి వస్తుంది. వచ్చే ఏడు కొత్త సీఎస్‌వీ పెట్టి ఒకసారి నడిపితే పుస్తకం తయారు. సేవ్ చేసేటప్పుడు ఉత్త సీఎస్‌వీ కాదు, యూటీఎఫ్-8 అని రాసి ఉన్న సీఎస్‌వీ ఎంచుకోండి. లేకపోతే సభ్యుల పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి.

లాటెక్ ఎందుకు చెప్పలేదో ఒప్పుకుంటాను. కొన్నేళ్ల కింద ఒక సహకార సంఘం వార్షిక నివేదిక లాటెక్‌లో చేశాను. పాఠంలో "ఈ ఏడు సభ్యులకు 7% డివిడెండ్ ఇవ్వాలని నిర్ణయించాం" అని ఉంది, తర్వాత రిజర్వు నిధి, బోనస్ సంగతులు. లాటెక్‌లో శాతం గుర్తు అంటే "ఇక్కడి నుంచి వరస చివరిదాకా ఉన్నది సొంత గమనిక, అచ్చు వేయకు" అని అర్థం. నాకు తెలియక కాదు, చెన్నైలో తొమ్మిదేళ్లు చేసిన పనే. వాళ్లు పంపిన పాఠాన్ని అర్ధరాత్రి అట్లాగే అతికించాను. అప్పట్లో పేరా మొత్తం ఒకే వరసలో కొట్టే అలవాటు. 300 ప్రతులు అచ్చయ్యాయి. "ఈ ఏడు సభ్యులకు 7" అని ఉంది, ఆ పేరాలో మిగతాదంతా మాయం. తప్పు సందేశం ఏమీ రాలేదు, దాని లెక్కన తప్పేమీ లేదు మరి. మహాసభలో ఒక రైతు లేచి "ఏడు ఏంది? ఏడు రూపాయలా, ఏడు మేకలా?" అని అడిగాడట. మా ఇంటిల్లిపాదీ కూర్చుని 300 చీటీలు అంటించాం. శాతం గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, అంతే సంగతి. కానీ వడ్డీలు, డివిడెండ్లు, సబ్సిడీలు ఉండే పుస్తకాన్ని ఏటా వేరే వేరే చేతులు దిద్దుతాయంటే, శాతం గుర్తుకు కన్నెర్ర చేయని పనిముట్టే మేలు. టైప్‌స్ట్‌కూ చాదస్తాలు ఉన్నాయి. ఈమెయిల్ చిరునామాలో ఉండే అట్ గుర్తును వేరే ఏదో అనుకుంటుంది. అయితే అది చప్పుడు లేకుండా మింగదు, నిలబడి గొడవ చేస్తుంది. నాకు గొడవ చేసేవాళ్లే నయం.

ప్రశ్న: పెళ్లి కార్డులు లాటెక్‌లో చేయవచ్చా అక్కా?
(డీటీపీ ఆపరేటర్, వనపర్తి)

జవాబు: వద్దు తమ్మీ. పెళ్లికొడుకు మేనమామ నీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని "వినాయకుణ్ని కొంచెం పైకి, మా బావ పేరు కొంచెం పెద్దగా" అంటాడు. మౌస్ పట్టుకుని లాగడమే అక్కడ పని. నీ పాత పేజ్‌మేకర్ ఫైళ్ల మీద ఎవరైనా చిన్నచూపు చూస్తే నా పేరు చెప్పు. కాకపోతే కార్డులోని మాటలను యూనికోడ్‌లో ఒక నోట్‌ప్యాడ్ ఫైలుగా కూడా దాచు. రెండేళ్ల తర్వాత అదే ఇంట్లో చెల్లెలి పెళ్లి వస్తుంది, చుట్టాల పేర్లు మళ్లీ కొట్టక్కర్లేదు.

ప్రశ్న: ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో పుస్తకానికి ఏది పెట్టాలి? డెమ్మీ సైజు, కథల పుస్తకం.
(గద్వాల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పుస్తకం లోపలికి నేను నోటో సెరిఫ్ తెలుగుగానీ మండలిగానీ వాడతాను. కథ పేర్లకు రామభద్ర, సురవరం లాంటి ఫాంట్లు బాగుంటాయి. గద్వాల వారు కదా, సురవరం అన్న పేరు చూసి మీకు మనసు లాగొచ్చు, కానీ పేజీ నిండా దాన్ని పోయకండి, కళ్లు నొస్తాయి. ఇవన్నీ స్వేచ్ఛా లైసెన్సువి, పుస్తకంలో వాడటానికి ఎవరినీ అడగక్కర్లేదు. యూనికోడ్‌వి కాబట్టి ఇప్పటిదాకా చెప్పిన జీలాటెక్, టైప్‌స్ట్ రెండింటిలోనూ పనిచేస్తాయి.

ఖాయం చేసే ముందు ఒక ఏ4 కాగితం మీద "స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్ఞానం, ఉజ్జ్వల" అని 11, 12, 13 పాయింట్లలో కొట్టి, కింద మీ కథలోంచి ఒక పేరా పెట్టి ప్రింట్ తీయండి. ఇంట్లో ఇంక్‌జెట్ మీద కాదు, పుస్తకం వేసే ప్రెస్సులో, పుస్తకానికి వాడే కాగితం మీదే తీయమనండి. ఒక కాగితానికి వాళ్లు కాదనరు. తర్వాత దాన్ని ఇంట్లో అద్దాలు పెట్టుకుని చదివే పెద్దవాళ్ల చేతికివ్వండి. రాష్ట్రంలో ట-వత్తు, రావత్తు విడివిడిగా కనిపిస్తున్నాయంటే ఆ సైజు చాలు. కాగితాన్ని ట్యూబ్‌లైట్ దగ్గరికి జరుపుకుంటున్నారంటే ఒక పాయింటు పెంచండి.